థీమ్ పార్కుల్లో బయటి కంపెనీల పేర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో డిస్నీ పార్కులున్న ఓర్లాండోకో (ఫ్లోరిడా), అనాహైమ్‌కో (కాలిఫోర్నియా) పిల్లల్ని తిప్పుకొచ్చినవాళ్లు ఎక్కువగా అడిగేవి ఇవీ. టికెట్‌కి అంత పోశాక లోపల కూడా కోకాకోలా, స్టార్‌బక్స్, షెవర్లే బోర్డులేమిటని అందరి సణుగుడూనూ. జవాబుల్లో డిస్నీ పార్కుల మాటే ఎక్కువగా వస్తుంది. ఈ వ్యాపారం పుట్టి, పెరిగి, ముదిరింది అక్కడే. మధ్యలో జర్మనీ, ముంబయి, అబుదాబి, కొచ్చి కూడా తగులుతాయి.

ఈ స్పాన్సర్ల గోల ఈమధ్య మొదలైందా?

లేదు. 1955 జూలై 17న కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ గేట్లు తెరిచేనాటికే లోపల బయటి కంపెనీలు బారులు తీరి ఉన్నాయి. ఐస్‌క్రీమ్ పార్లర్ కార్నేషన్ పాల కంపెనీది. కూల్‌డ్రింకుల మూల కోకాకోలాది. పియానోలు, ఆర్గన్‌లు వర్లిట్జర్‌వి. ఫిల్ము రీళ్ల కొట్టు కొడాక్‌ది. గేటు దాటగానే వచ్చే కొట్ల వీధి మెయిన్ స్ట్రీట్‌లో బ్యాంక్ ఆఫ్ అమెరికా నిజమైన శాఖ తెరిచి నిజమైన డబ్బు లావాదేవీలు చేసింది. పార్కు చుట్టూ తిరిగే ఆవిరి రైలు పేరే శాంటా ఫే అండ్ డిస్నీలాండ్ రైల్‌రోడ్. శాంటా ఫే రైల్వే కంపెనీ 1974 దాకా ఆ పేరు నిలబెట్టుకుంది. చంద్రుడి మీదికి తీసుకెళ్లే రాకెట్ షో టీడబ్ల్యూఏ విమాన సంస్థది. పిల్లలు కార్లు నడిపే ఆటోపియా రిచ్‌ఫీల్డ్ చమురు కంపెనీది.

కాబట్టి "పాతరోజుల్లో ఈ వ్యాపారం లేదు, అంతా స్వచ్ఛంగా ఉండేది" అనే మాట నమ్మకండి. ఆ రోజుల్లో బయటి పేర్లు ఇప్పటికన్నా ఎక్కువ.

అప్పట్లో డిస్నీ దగ్గర డబ్బు లేదా?

సినిమాలకు పేరుంది గానీ పార్కు కట్టేంత డబ్బు లేదు. మొత్తం ఖర్చు సుమారు 1 కోటి 70 లక్షల డాలర్లు తేలింది. బ్యాంకులకు పార్కు మీద నమ్మకం కుదరలేదు. చివరికి ఏబీసీ టీవీ సంస్థ 5 లక్షల డాలర్లు పెట్టి, మరో 45 లక్షల డాలర్ల అప్పుకు హామీ ఉండి, పార్కులో 34.48 శాతం వాటా తీసుకుంది. బదులుగా వాల్ట్ డిస్నీ వాళ్ల చానల్‌కి ప్రతివారం ఒక కార్యక్రమం చేసిపెట్టాలి. ఆ వాటాను డిస్నీ 1960లో తిరిగి కొనుక్కుంది.

మిగతా బరువు మోసినవాళ్లలో కొట్లు అద్దెకు తీసుకున్న కంపెనీలు ముఖ్యులు. మెయిన్ స్ట్రీట్‌లో కొట్టు నడపడం, దానికి అలంకరణ, సిబ్బంది అన్నీ వాళ్ల నెత్తినే. డిస్నీకి చేతిలోకి అద్దె వచ్చేది, కొట్లతో నిండిన వీధీ దక్కేది.

మెయిన్ స్ట్రీట్‌లో లోదుస్తుల కొట్టు ఉండేదట, నిజమేనా?

నిజం. హాలీవుడ్-మ్యాక్స్‌వెల్ అనే బ్రా కంపెనీది. 1890లనాటి లోదుస్తుల నుంచి నాటి కొత్త మోడళ్ల దాకా ప్రదర్శించేవాళ్లు. దాని చరిత్ర చెప్పడానికి "విజార్డ్ ఆఫ్ బ్రాస్" అనే కదిలే మాంత్రికుడి బొమ్మ కూడా పెట్టారు. కొన్ని నెలలకే, 1956 మొదట్లో మూసేశారు. పిల్లల చెయ్యి పట్టుకుని వచ్చిన కుటుంబాలు ఆ కొట్టులో ఏం చేస్తాయో ఎవరూ ముందు ఆలోచించినట్టు లేదు.

అదే వీధిలో అప్‌జాన్ మందుల కంపెనీ పాతకాలపు ఔషధశాల పెట్టి, జలగల జాడీ చూపించి, వచ్చినవాళ్లకు చిన్న సీసాలో విటమిన్ మాత్రలు ఉచితంగా ఇచ్చేది. ఇప్పుడైతే లాయర్లు అడుగు పెట్టనివ్వరు.

ఈ ఒప్పందాల్లో అసలు ఏముంటుంది?

అంకెలు ఎవరూ బయటపెట్టరు. రూపం మాత్రం తెలిసిందే. కంపెనీ ఒక రైడ్ కట్టడానికో, ఏటా నడపడానికో డబ్బిస్తుంది. కాలపరిమితి ఉంటుంది, 1982లో తెరిచిన డిస్నీ పార్కు ఎప్‌కాట్‌లో మామూలుగా పదేళ్లు. బదులుగా రైడ్ పేరు పక్కన తన పేరు, బయటికొచ్చే దారిలో తన వస్తువుల ప్రదర్శన, తన ప్రకటనల్లో పార్కు బొమ్మ వాడుకునే హక్కు, తన పోటీదారుణ్ని దూరంగా ఉంచే షరతు. కూల్‌డ్రింకుల విషయంలో ఈ చివరి షరతే ప్రాణం. ఇది కూడా మొదట్లో అంత గట్టిగా ఉండేది కాదు. డిస్నీలాండ్‌లో ఏళ్ల తరబడి కోక్ ఒక మూల అమ్ముడవుతుంటే, గోల్డెన్ హార్స్‌షూ అనే నాటకశాలకు పెప్సీ స్పాన్సర్.

ఇవి కాక, సందర్శకులకు కనపడని సౌకర్యం ఇంకోటుంది. ఎప్‌కాట్ భవనాల్లో చాలావాటికి పై అంతస్తులో స్పాన్సర్ కంపెనీ ఉద్యోగులకు, ఖాతాదారులకు ప్రత్యేక లాంజ్ ఉండేది. ఏసీ గది, కాఫీ, క్యూ లేకుండా రైడ్. పెద్ద కంపెనీల అధికారులను ఒప్పించడంలో ఈ లాంజ్‌ల పాత్ర, బోర్డు మీద పేరు పాత్రకు తీసిపోదని నా అనుమానం.

స్పాన్సర్ వెళ్లిపోతే రైడ్ ఏమవుతుంది?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి. బయటి కంపెనీ వచ్చినప్పుడు జరిగే మార్పు చిన్నది. వెళ్లిపోయినప్పుడు జరిగేదే పెద్దది.

ఫ్లోరిడాలో 1982 అక్టోబర్ 1న తెరిచిన ఎప్‌కాట్ ముందు భాగమంతా స్పాన్సర్ల డబ్బు మీదే లేచింది. ఒక్కో భవనానికి ఒక్కో పరిశ్రమ: శక్తి మీద ఎక్సాన్ చమురు సంస్థ, రవాణా మీద జనరల్ మోటార్స్, ఆహారం మీద క్రాఫ్ట్, ఊహాశక్తి మీద కొడాక్, సమాచారం మీద బెల్ టెలిఫోన్. ఏడాది తర్వాత భవిష్యత్తు మీద జనరల్ ఎలక్ట్రిక్ (హొరైజన్స్), 1986లో సముద్రం మీద యునైటెడ్ టెక్నాలజీస్, 1989లో ఆరోగ్యం మీద మెట్‌లైఫ్ బీమా సంస్థ చేరాయి.

పదేళ్ల ఒప్పందాలు ముగిసే వేళకు కథ తిరగబడింది. జనరల్ ఎలక్ట్రిక్ 1993లో తప్పుకుంది. హొరైజన్స్‌ని అభిమానులు నెత్తిన పెట్టుకున్నా, కొత్త స్పాన్సర్ దొరక్క 1994లో ఆగింది. పక్క రైడ్లు మరమ్మతుల్లో ఉన్నందుకు మధ్యలో మళ్లీ తెరిచి, 1999 జనవరిలో శాశ్వతంగా మూశారు. తర్వాత కూల్చేసి అదే చోట మిషన్: స్పేస్ కట్టారు. అది 2003లో తెరిచినప్పుడు దాని మీద హెచ్‌పీ పేరు. మెట్‌లైఫ్ 2001లో వెళ్లింది. ఆరోగ్య భవనం కొన్నాళ్లు రద్దీ రోజుల్లో మాత్రమే తెరిచి, 2007లో తాళం వేసుకుంది. ఎక్సాన్ 2004లో వెళ్లాక శక్తి భవనం 2017 దాకా అదే పాత షోతో ఈడ్చింది.

ఏ రైడ్ ఎందుకు పాతబడిందో, ఏది ఎందుకు మూతపడిందో వెతికేవాళ్లు ముందు చూడాల్సింది జనం ఇష్టాన్ని కాదు, ఒప్పందం ముగిసిన తేదీని. లోపలి బొమ్మలు మార్చాలంటే కోట్ల డాలర్లు. అది పెట్టేవాడు వెళ్లిపోయాడు. పార్కు తన సొంత డబ్బును తన సినిమా బొమ్మల మీద పెడుతుంది గానీ, చమురు ఎలా పుట్టిందో చెప్పే షో మీద పెట్టదు.

దీనికి ఎదురు ఉదాహరణ స్పేస్‌షిప్ ఎర్త్, అంటే ఎప్‌కాట్ గేటు దగ్గరి పెద్ద గోళం. బెల్ సంస్థ 1984లో కోర్టు ఒప్పందంతో ముక్కలైనప్పుడు దాని మాతృసంస్థ ఏటీ అండ్ టీ ఆ రైడ్‌ను తీసుకుని 2003 దాకా నడిపింది. 2005 నుంచి 2017 వరకు సీమెన్స్. ఆ తర్వాత ఎవరూ లేరు, అయినా అది నడుస్తోంది. కారణం తేలిక: పార్కు ముఖచిత్రం అదే, మూస్తే గేటు దగ్గరే పరువు పోతుంది. మిగతా భవనాలకు ఆ రక్షణ లేదు.

మరి ఎప్‌కాట్‌లోని కార్ల రైడ్ టెస్ట్ ట్రాక్ ఇన్నేళ్లు ఎలా నిలిచింది?

జనరల్ మోటార్స్ పోలేదు గనక. పాత రవాణా రైడ్‌ను 1996లో మూసి, వేగంగా పరుగెత్తే కార్ల రైడ్ మొదలుపెట్టారు. 1997కే తెరవాల్సింది సాంకేతిక చిక్కులతో 1999 మార్చి దాకా ఆగింది. 2012లో అదే కంపెనీ కార్లయిన షెవర్లే పేరుతో రూపం మారింది, 2025లో ఇంకోసారి. బయటికొచ్చే దారి మామూలు కార్ల షోరూమే. మా పిల్లలకు రైడ్ కన్నా ఆ షోరూమే నచ్చిందని చెప్పే తల్లిదండ్రులు ఎంతమందో!

డబ్బిచ్చినవాళ్లు కథలో వేలు పెడతారా?

పెడతారు. అన్నిసార్లూ కాదు, పెట్టినప్పుడు మాత్రం గట్టిగానే.

ఫ్రిజ్‌లు, బల్బులు అమ్మే జనరల్ ఎలక్ట్రిక్ కోసం డిస్నీ 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ఒక తిరిగే నాటకశాల కట్టింది. కరెంటు వచ్చాక ఒక కుటుంబం జీవితం ఎలా మారిందో దశాబ్దాల వారీగా చూపే షో అది. రేపు ఎంత అందంగా ఉంటుందో చెప్పే పాట దాని ప్రాణం. 1975లో ఆ షో ఫ్లోరిడాలోని మరో డిస్నీ పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్‌కు మారేసరికి పాట కూడా మారింది: జీవితంలో మంచి రోజులు ఇవే, ఇప్పుడే అని. రేపటి కోసం ఎదురుచూడమంటే ఈ రోజు ఫ్రిజ్ ఎవరు కొంటారు మరి! కంపెనీ 1985లో వెళ్లిపోయింది. 1994లో పాత పాట తిరిగొచ్చింది. స్పాన్సర్ లేకుండానే ఆ షో ఇప్పటికీ తిరుగుతోంది.

ఎక్సాన్ భవనం ఇంకా విచిత్రం. లోపల డైనోసార్ల కాలం నుంచి ఇంధనం పుట్టుక చెప్పేవాళ్లు, డబ్బు చమురు కంపెనీది. భవనం పైకప్పు మీద మాత్రం 80,000 సౌర ఘటాలు. లోపలి బండ్లను నడిపే కరెంటులో కొంత అవే ఇచ్చేవి. ఒక చమురు కంపెనీ నెత్తి మీద అంత సౌరశక్తి మోసుకుంటూ లోపల చమురు కథ చెప్పడం చూసి నవ్వుకున్నవాళ్లు అప్పుడూ ఉన్నారు.

మన్‌శాంటో రసాయనాల కంపెనీది మరో దారి. 1957లో డిస్నీలాండ్‌లో పూర్తిగా ప్లాస్టిక్‌తో ఒక "రేపటి ఇల్లు" కట్టి చూపించింది. పదేళ్లకు కూల్చబోతే, పెద్ద ఇనుప గుండుతో కొట్టినా అది పగల్లేదు, గుండు వెనక్కి ఎగిరింది. చివరికి కష్టపడి ముక్కలు ముక్కలుగా విడదీయాల్సి వచ్చింది. ఒక రోజులో అయిపోతుందనుకున్న పని రెండు వారాలు పట్టింది. ప్రకటనగా చూస్తే మాత్రం దాన్ని మించింది లేదు.

ఏ బ్రాండ్ ఇమిడిపోతుంది, ఏది గుచ్చుకుంటుంది?

ఇది నా అభిప్రాయం, ఒప్పుకోనక్కర్లేదు. ఆ చోట నిజంగా ఒక పని చేసే కంపెనీ ఇమిడిపోతుంది. ఐస్‌క్రీమ్ అమ్మే పాల కంపెనీ, రైలు పేరున్న రైల్వే, పైనాపిల్ అమ్మే డోల్ ఈ కోవలోవే. డోల్ 1976లో డిస్నీలాండ్‌లో పాడే పక్షి బొమ్మల షో టీకీ రూమ్‌కు స్పాన్సర్ అయింది. ఆ గది బయట అమ్మే పైనాపిల్ ఐస్‌క్రీమ్ కోసమే జనం వరస కడతారు. అది ప్రకటన అని ఎవరికీ తోచదు.

పని ఏమీ లేక పేరు మాత్రమే పెట్టుకున్నది గుచ్చుకుంటుంది. ఊరి గుడికి ట్యూబ్‌లైటు ఇచ్చి, దాని మీదే తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు రాయించి వెలుగు సగం ఆపేసిన దాతలాగా.

ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ ఈ రెంటికీ మధ్యన. 1972లో ఫ్లోరిడాలోని మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ఆ సంస్థ ఎగిరే ఊళ్లన్నీ చూపించే రైడ్ పెట్టింది. అప్పట్లో ఒక్కో రైడ్‌కు ఒక్కో టికెట్ చింపేవాళ్లు, దీనికి మాత్రం టికెట్ అక్కర్లేదు. పూర్తిగా ప్రకటనే. అయినా ఏసీలో ఉచితంగా కూర్చోబెట్టి బహామాస్, మెక్సికో చూపిస్తుంటే ఎవరు కాదంటారు? ఈస్టర్న్ 1987లో తప్పుకుంది, 1991లో కంపెనీయే మూతపడింది.

డోరిటోస్ చిప్స్ డిస్నీలాండ్‌లో పుట్టాయంటారు. నిజమా?

పుట్టుక అక్కడిదే. 1955లో ఫ్రిటో కంపెనీ డిస్నీలాండ్‌లో కాసా దే ఫ్రిటోస్ అనే మెక్సికన్ హోటల్ పెట్టింది. వాళ్లకు టోర్టియాలు (మెక్సికో రొట్టెలు) సరఫరా చేసే కంపెనీ మనిషి, మిగిలిపోయి పారేస్తున్న టోర్టియాలను ముక్కలు కోసి వేయించమని వంటవాళ్లకు చెప్పాడు. అవి మెనూలోకి ఎక్కాయి, బాగా పోయాయి. తర్వాత ఫ్రిటో-లేగా మారిన ఆ కంపెనీ అధికారి ఆర్చ్ వెస్ట్ దాన్ని గమనించి పొట్లాల్లోకి తెచ్చాడు. 1966లో డోరిటోస్ పేరుతో అమెరికా అంతటా వచ్చింది. రాత్రి మిగిలిన చపాతీలు పొద్దున వేయించి పెట్టే ఇళ్లలో ఇది వింతేమీ కాదు.

ఇప్పుడు బయటి పేర్లు తగ్గినట్టున్నాయే?

రైడ్ల మీద తగ్గాయి. డిస్నీ ఇప్పుడు తన సొంత పాత్రలనే బ్రాండ్లుగా వాడుతోంది. రైడ్ బయటికొస్తే ఫ్రిజ్ కాదు, బొమ్మ కొనాలి. రైడ్‌కి బయటి పేరు తగిలిస్తే ఆ సొంత అమ్మకం మసకబారుతుంది.

తిండి, పానీయాల దగ్గర మాత్రం తగ్గలేదు. 2012 నుంచి స్టార్‌బక్స్ అమెరికాలోని డిస్నీ పార్కుల్లోకి వచ్చింది. మెయిన్ స్ట్రీట్‌లో బేకరీ, పాతకాలపు వేషాల్లో సిబ్బంది, చేతికి మాత్రం మామూలు స్టార్‌బక్స్ కప్పే. కోకాకోలా ఇంకో అడుగు ముందుకేసింది. 2019లో స్టార్ వార్స్ ప్రాంతం తెరిచినప్పుడు బయటి ప్రపంచపు బోర్డులేవీ కనపడకూడదన్నారు. అందుకని గుండ్రటి సీసాలు చేసి, వాటి మీద ఆ కథలోని కల్పిత లిపిలో కోక్ అని రాశారు. అవి చూడ్డానికి గ్రెనేడ్లలా ఉన్నాయని అమెరికా విమాన భద్రతా సంస్థ సామాన్లలో పెట్టుకోవడం నిషేధించి, గొడవయ్యాక కొద్దిరోజులకే మెత్తబడింది.

జపాన్ వేరు. 1983లో తెరిచిన టోక్యో డిస్నీలాండ్ డిస్నీ సొంతం కాదు, ఓరియంటల్ ల్యాండ్ కంపెనీది. అక్కడ రైడ్లు, హోటళ్ల దగ్గర స్పాన్సర్ కంపెనీ పేర్లు ఇప్పటికీ మామూలే.

స్పాన్సర్‌కే చెడ్డపేరు వస్తే?

జర్మనీలోని యూరోపా-పార్క్‌కు ఆ అనుభవం ఉంది. 1975లో తెరిచిన ఈ పార్కు మాక్ కుటుంబానిది. రైడ్లు తయారుచేసే తమ కంపెనీకి షోరూమ్‌గా కట్టుకున్నారు, అంటే పార్కంతా ఒక రకంగా ప్రకటనే. అక్కడి సిల్వర్ స్టార్ రోలర్‌కోస్టర్‌కు చాలాకాలం మెర్సిడెస్-బెంజ్ స్పాన్సర్. 2009లో వచ్చిన బ్లూ ఫైర్‌కు రష్యా గ్యాస్ సంస్థ గాజ్‌ప్రామ్. తర్వాత ఆ పేరు నార్డ్ స్ట్రీమ్ 2 గ్యాస్ పైపులైన్‌కు మారింది. 2022లో రష్యా ఉక్రెయిన్ మీద దాడికి దిగాక పార్కు ఆ బంధం తెంచుకుంది. క్యూలో నిలబడ్డ పిల్లలకు గ్యాస్ పైపులైన్ గురించి చెప్పాలని ఎవరికి తోచిందో గానీ, యుద్ధం రాకపోయినా అది వికారమే.

పార్కే ఒక కంపెనీ పేరుతో ఉంటే?

అదీ పాత ఆనవాయితీయే. హెర్షీ చాక్లెట్ యజమాని పెన్సిల్వేనియాలో తన కార్మికుల కోసం 1900ల మొదట్లో పార్కు పెట్టాడు. డెన్మార్క్‌లో 1968లో మొదటి లెగోల్యాండ్. గల్ఫ్‌లో ఉండే మనవాళ్లకు బాగా తెలిసింది 2010లో అబుదాబిలో తెరిచిన ఫెరారీ వరల్డ్. గంటకు 240 కిలోమీటర్ల రోలర్‌కోస్టర్ దాని గుర్తింపు.

మన దగ్గరిది ఇంకా సరదా. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన రావిర్యాలలో 2016లో తెరిచిన వండర్‌లా వెనక ఉన్నది మన ఇళ్లలో ఫ్రిజ్ పక్కన గోడకు వేలాడే స్టెబిలైజర్. వీ-గార్డ్ స్థాపించిన కొచౌసెఫ్ చిట్టిలపిల్లి 2000లో కొచ్చిలో మొదటి పార్కు కట్టి, స్టెబిలైజర్ పేరు మీదే వీగాల్యాండ్ అన్నాడు. తర్వాత బెంగళూరులో వండర్‌లా వచ్చింది, కొచ్చి పార్కూ ఆ పేరుకే మారింది. స్టెబిలైజర్ పేరు ఉన్నన్నాళ్లూ పార్కు కంపెనీ ప్రకటన, పేరు మారాకే అది తనకాళ్ల మీద నిలబడ్డ బ్రాండ్.

పిల్లల్ని చిన్నప్పుడే బ్రాండ్లకు అలవాటు చేయడం కాదా ఇది?

కిడ్జానియా గురించి అడుగుతున్నారనుకుంటాను, ఎందుకంటే అక్కడ ఈ ప్రశ్న తప్పించుకోలేరు. 1999లో మెక్సికో సిటీలో మొదలైంది, 2013లో ముంబయి ఘాట్కోపర్‌కి వచ్చింది. పిల్లల ఎత్తుకు తగ్గ ఊరు. పిల్లలు పైలట్, డాక్టర్, బ్యాంకు ఉద్యోగి, పిజ్జా వండేవాడు అవుతారు, ఆ ఊరి డబ్బు సంపాదిస్తారు. బ్యాంకు మీద నిజమైన బ్యాంకు పేరు, పిజ్జా కొట్టు మీద నిజమైన కంపెనీ పేరు. నిర్వాహకులు దీన్ని వాస్తవికత అంటారు: వీధిలో పేర్లు లేని కొట్లు ఎక్కడున్నాయి?

ఆ వాదనలో కొంత నిజముంది. నాకు మింగుడుపడనిది వేరే. ఎప్‌కాట్‌లో పిల్లాడు కూర్చుని కంపెనీ కథ వింటాడు, నచ్చకపోతే నిద్రపోతాడు. ఇక్కడ యూనిఫాం వేసుకుని ఆ కంపెనీకి పని చేస్తాడు. రెండోదాని ముద్ర లోతుగా పడుతుంది, కంపెనీలు డబ్బిచ్చేదీ అందుకే. తీసుకెళ్లొద్దని అనను. ఇంటికొచ్చాక "ఆ బ్యాంకు పేరే ఎందుకుంది, మన బ్యాంకు పేరెందుకు లేదు?" అని అడిగి చూడండి. ఏడెనిమిదేళ్ల పిల్లలకు విషయం చటుక్కున అర్థమవుతుంది.

స్పాన్సర్లు ఉంటే టికెట్ ధర తగ్గాలి కదా?

తగ్గదు. 1955లో డిస్నీలాండ్ ప్రవేశం పెద్దలకు 1 డాలర్, రైడ్లకు వేరే. ఇప్పుడు రద్దీ రోజుల్లో ఒక్కరోజు టికెట్ 200 డాలర్లు దాటింది. టికెట్ ధర ఎంతకు జనం ఆగకుండా వస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది, లోపల ఎవరు డబ్బు పెట్టారన్నదాన్ని బట్టి కాదు.

పోనీ, వాళ్ల వల్ల మనకు ఉచితంగా దొరికేదేమైనా ఉందా?

విటమిన్ మాత్రల కాలం పోయింది. ఎప్‌కాట్‌లో క్లబ్ కూల్ అనే కోకాకోలా గది ఉంది. రకరకాల దేశాల్లో ఆ కంపెనీ అమ్మే కూల్‌డ్రింకులు చిన్న కప్పుల్లో, ఎన్నిసార్లయినా, ఉచితం. ఫ్లోరిడా ఎండలో అది చిన్న సాయం కాదు. ఇటలీ వాళ్ల బెవర్లీ మాత్రం కాకరకాయ కషాయమంత చేదు. తెలిసినవాళ్లు నవ్వాపుకుంటూ మీ చేతికి అదే ముందు అందిస్తారు.